అరవై గుర్రాల షైమెర్దెన్ రిటర్ను

మా కజఖ్ ఊరు సారీబెల్‌లో ఎవరింట విందు జరిగినా, అందరిలోకీ పెద్ద అతిథికి పెట్టే ఉడికించిన గొర్రె తల షైమెర్దెన్ ముందుకే వచ్చేది. విందులో ఆయనకన్నా వయసులో పెద్దలు ఉండొచ్చు, హోదాలో పెద్దలూ ఉండొచ్చు. కానీ కూర్చోవడం ఒక విద్య అనుకుంటే, ఆ విద్యలో మా జిల్లా మొత్తానికి ఆయన్ని మించినవాడు లేడు. గుమ్మానికి ఎదురుగా, అందరికన్నా లోపల, రెండు దిండ్ల మీద మోచెయ్యి ఆనించి, గొంతు సవరించుకుని ఒక్క నిమిషం పాటు ఏమీ మాట్లాడకుండా ఉండేవాడు. ఆ నిమిషం పూర్తయ్యేలోపు పళ్ళెం వచ్చి ఆయన ముందు దిగేది.

ఈ విద్య పుట్టుకతో వచ్చింది కాదు. ప్రభుత్వ కమతం ఉన్న రోజుల్లో దాని డైరెక్టరు దగ్గర తొమ్మిదేళ్ళు కారు డ్రైవరుగా పనిచేశాడు. డైరెక్టరు ఎలా దిగుతాడో, వెనక్కి చూడకుండా అరచేత్తో తలుపెలా నెడతాడో, ఎవరైనా పలకరిస్తే ఎంతసేపటికి తల తిప్పుతాడో అంతా అద్దంలోంచి చూసి నేర్చుకున్నాడు. కమతం మూతపడ్డాక డైరెక్టరు రాజధానికి వెళ్ళిపోతూ తన పాత టోపీ డ్రైవరుకిచ్చాడు. టోపీతోపాటు తలకాయ కూడా ఇచ్చి వెళ్ళాడేమో అన్నట్టు ఆ రోజు నుంచీ షైమెర్దెన్ డైరెక్టరైపోయాడు. కమతం ఒక్కటే తక్కువ.

ఇప్పుడాయనకు యాభై తొమ్మిదేళ్ళు. ఉద్యోగం లేదు. పాత నివా కారులో ముప్ఫై కిలోమీటర్ల దూరాన ఉన్న రైల్వే స్టేషనుకు మనుషుల్ని దింపి వస్తుంటాడు. అదేమిటని అడిగితే, "ఎలాగూ అటే వెళ్తున్నా, పాపం నిలబడి ఉంటే ఎక్కించుకున్నా" అంటాడు. ఆ నిలబడినవాళ్ళ దగ్గర మనిషికి రెండు వేల తెంగెలు తీసుకున్న సంగతి మాత్రం చెప్పడు. ఇల్లు గడిచేది భార్య కుల్పాష్ జీతంతో. ఆమె ఇరవై ఏడేళ్ళుగా ఊరి బడిలో కెమిస్ట్రీ చెబుతోంది. ఆరేళ్ళ నుంచి అదే బడిలో హెడ్‌మాస్టరు తర్వాతి స్థానం ఆమెదే. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అంటే ఏమిటో చూడాలనుకున్నవాళ్ళు ఆ ఇంటికి ఒక్కసారి వెళ్ళొస్తే చాలు.

ఆయన కోతలన్నిటిలోకీ పెద్ద కోత మూడేళ్ళ కిందట కోసింది. కొడుక్కి సంబంధం మాట్లాడటానికి జిల్లా కేంద్రానికి వెళ్ళారు. పిల్ల తండ్రి కెనెస్. ఇనుప సామాన్ల కొట్టు ఉన్న మనిషి, మాటా నవ్వూ రెండూ గట్టివి. టీ తాగుతుండగా మాటవరసకు అడిగాడు.

"మందా గిందా ఏమైనా ఉందా బావగారూ?"

షైమెర్దెన్ గొంతు సవరించుకున్నాడు. ఒక నిమిషం ఆగాడు.

"ఏదో, ఓ అరవై గుర్రాలు. కొండల అవతల మేస్తుంటాయి. నేను లెక్కపెట్టను. లెక్కపెడితే దిష్టి."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కెనెస్ కళ్ళు పెద్దవయ్యేసరికి ఈయనకి ఊపొచ్చింది. రాజధానిలో ఒక ఫ్లాటు కూడా కట్టేశాడు, దాన్ని ఒక కొరియావాడికి అద్దెకిచ్చేశాడు. పక్కనే కూర్చున్న కుల్పాష్ టీ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంటికి వచ్చాక అడిగింది.

"ఇంతకీ ఆ కొరియావాడి పేరేంటండీ?"

"ఏ కొరియావాడు?"

"మన ఫ్లాటులో ఉంటున్నాడుగా, ఆయన."

"ఊరికే మాటవరసకన్నానే."

"అరవై ఎందుకు? నలభై అన్నా పిల్లనిచ్చేవాళ్ళే" అని నవ్వేసింది.

ఆ నవ్వే తర్వాత ఆమె కొంప ముంచింది. ఆ రోజు తిట్టి ఉంటే ఏమయ్యేదో. నవ్వింది కాబట్టి, ఏటా చలికాలం మొదట్లో ఆమె జీతంతో బజారులో గుర్రం మాంసం కొనడం, దాన్ని "మన మందలోది బావగారూ" అంటూ వియ్యంకుడికి పంపడం ఆ ఇంటి ఆచారమైపోయింది.

ఇలా ఉండగా ప్రభుత్వం వారి ఉత్తర్వు వచ్చింది. సర్కారు బడుల్లో పనిచేసేవాళ్ళందరూ, వాళ్ళ భార్యలూ భర్తలూ కూడా, తమ ఆదాయం ఎంతో, ఆస్తులేమిటో రిటర్ను దాఖలు చేయాలి. ఫోన్లో పంపేవాళ్ళకి సెప్టెంబరు పదిహేను ఆఖరు తేదీ. కుల్పాష్ తనది ఏప్రిల్లోనే పంపేసింది. భర్తది కూడా తనే పంపుదామని ఆయన ఫోను అందుకోబోయింది.

షైమెర్దెన్ ఫోను జేబులో వేసుకున్నాడు. "నా లెక్కలు నువ్వు రాస్తావా? ఇంటి యజమానిని నేనింకా బతికే ఉన్నా."

"అయితే మీరే రాయండి. పది నిమిషాల పని."

"నీలాంటివాళ్ళకి పది నిమిషాలు. నాకు టైము పడుతుంది."

ఆమె మళ్ళీ నవ్వింది.

నిజానికి ఆ మర్నాడే రాసి పారేసేవాడేమో. కానీ శనివారం స్నానశాలకు వెళ్ళాడు. అక్కడ ఆవిరిలో వీపు రుద్దుకుంటూ కూర్చున్న ఇసాబెక్, రిటైరైన పశువుల డాక్టరు, ఒక వార్త చెప్పాడు.

"ఈ రిటర్నులన్నీ ఒక చోట పెడతారటోయ్. ఫోన్లో మనిషి గుర్తింపు నంబరు కొడితే చాలు, ఎవడి దగ్గర ఏముందో, ఏం లేదో వరసగా వచ్చేస్తుందట. మా మేనల్లుడు చెప్పాడు."

"ఎవరైనా చూడొచ్చా?"

"ఎవరైనా."

"వియ్యంకులు కూడానా?"

"వియ్యంకులే ముందు చూస్తారు!" అని ఇసాబెక్ పకపకా నవ్వాడు.

అంత ఆవిరిలోనూ షైమెర్దెన్ వీపు చల్లబడింది. కెనెస్ బొటనవేలు ఆయన కళ్ళముందు కదిలింది. లావుపాటి వేలు, ఎప్పుడూ ఫోను మీదే ఉంటుంది. ఆ వేలు నంబరు కొడుతుంది, తెర మీద వరసగా వస్తుంది: గుర్రాలు లేవు, ఫ్లాటు లేదు, కొరియావాడు లేడు.

పోనీ అరవై గుర్రాలూ ఉన్నాయని రాసేస్తే? అదీ ఆలోచించాడు. కానీ షైమెర్దెన్ నోటితో అబద్ధమాడే జాతి, చేత్తో రాసే జాతి కాదు. నోటి అబద్ధానికి గొర్రె తలకాయ దక్కుతుంది, సర్కారు కాగితం మీద అబద్ధానికి జైలు దక్కుతుంది. ఉన్నది రాస్తే పరువు పోతుంది, లేనిది రాస్తే మనిషే పోతాడు. అటూ ఇటూ కాకుండా ఆయన మూడో దారి కనిపెట్టాడు. మా దేశంలో మగవాళ్ళు తరతరాలుగా నడుస్తున్న దారే అది. ఏమీ చేయకుండా ఊరుకున్నాడు.

జూన్‌లో అడిగితే "చూస్తున్నా" అన్నాడు. ఆగస్టులో "సగమైంది" అన్నాడు. సెప్టెంబరు పద్నాలుగున కుల్పాష్ వంటింట్లోంచి కేకేసింది.

"ఏమండీ, రేపే ఆఖరు. పంపారా?"

"ఎప్పుడో పంపా. నీకు చెప్పలేదూ?"

"గుర్రాలన్నిటికీ చోటు సరిపోయిందా?"

"ఆ, సరిపోయింది" అన్నాడు, టోపీ పెట్టుకుని బయటికి పోతూ.

ఆ ఏడాది ఆగస్టులోనే హెడ్‌మాస్టరు రిటైరయ్యాడు. ఆ కుర్చీ కుల్పాష్‌దేనని బడిలో గంట కొట్టేవాడి దగ్గర్నుంచి జిల్లా విద్యాశాఖ దాకా అందరికీ తెలుసు. ఫైలు పైకి వెళ్ళింది, ఉత్తర్వు రావడమే తరువాయి. కుల్పాష్ గుట్టు మనిషి, ఎవరితోనూ ఏమీ అనలేదు. స్టేషను దగ్గర కొట్లో ముదురు నీలం రంగు కోటూ స్కర్టూ ఒక జత మాత్రం కొనుక్కుంది. ధర చీటీ తీయకుండా బీరువాలో వేలాడదీసింది.

గుట్టు షైమెర్దెన్‌కి చేతకాదు. అక్టోబరు మొదటి వారంలో ఉపాధ్యాయుల దినోత్సవం రోజు మధ్యాహ్నం విందుకి ఇరవై మందిని పిలిచేశాడు.

"ఉత్తర్వు చేతికి రానివ్వండి" అంది కుల్పాష్.

"వచ్చాక ఎవడైనా పిలుస్తాడు. రాకముందే పిలవడంలో ఉంది గొప్ప."

వియ్యంకుడూ వియ్యపురాలూ వచ్చారు. కాబోయే హెడ్‌మిస్ట్రెస్‌కి కప్పి గౌరవించడానికి బంగారు దారం పనిచేసిన ఎర్ర మఖమల్ అంగీ తెచ్చారు. ఇసాబెక్ వచ్చాడు. మసీదు ముల్లా వచ్చాడు. షైమెర్దెన్ తన చోట తాను కూర్చుని, ఈ దేశంలో చదువు ఎటు పోతోందో వివరిస్తున్నాడు. వంటింట్లో కుల్పాష్ పెద్ద కుండలో మాంసం పులుసులోకి వెడల్పాటి పిండి రేకులు ఒక్కొక్కటే జారవిడుస్తోంది. అప్పుడు ఆమె ఫోను మోగింది.

రెండు నిమిషాల తర్వాత ఆమె గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. గరిటె నుంచి పులుసు బొట్లు తివాచీ మీద పడుతున్నాయి.

"ఏమండీ, ఒక్కసారి ఇలా వస్తారా?"

"ఇక్కడే చెప్పు. పరాయివాళ్ళెవరున్నారని?"

"విద్యాశాఖ వాళ్ళు ఫోన్ చేశారు. మీ రిటర్ను దాఖలు కాలేదట."

"కాకపోవడమేంటి?"

"గడువు దాటి మూడు వారాలైందట. మొగుడిది లేకపోతే పెళ్ళానికి పదవి ఇవ్వకూడదని రూలట. ఫైలు వెనక్కి పంపేశారు."

కెనెస్ టీ గిన్నె మీసాల దగ్గరే ఆగిపోయింది.

ఆ క్షణాన షైమెర్దెన్ "మర్చిపోయానే" అని ఉంటే సరిపోయేది. మనుషులు మర్చిపోతారు. ఇరవై మందీ అయ్యో అనేవాళ్ళు, రేపే వెళ్ళి పని చూడమనేవాళ్ళు. ఆయన గొంతులో ఆ మాట దాదాపు వచ్చింది కూడా. కానీ వియ్యంకుడు చూస్తున్నాడు. షైమెర్దెన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవ్వలేదు" అన్నాడు.

"ఏంటీ?" అంది కుల్పాష్.

"నేనే ఇవ్వలేదు. నా దగ్గరేముందో, ఎక్కడెక్కడ ఉందో సర్కారుకెందుకు చెప్పాలి? మా తాత చెప్పలేదు, మా నాన్న చెప్పలేదు. అడిగినవాడికల్లా మంద చూపించేవాడు మగాడా?"

కెనెస్ తొడ చరిచాడు. "అబ్బ! అదీ మాటంటే! ఉన్నవాడి మాట!"

"ఉన్నవాడికే కదయ్యా బాధ" అన్నాడు ఇసాబెక్ నిట్టూరుస్తూ. "మా ఆవిడ నర్సు కదా, నేనూ పంపాల్సొచ్చింది. లేదు, లేదు, లేదు అని కొట్టేసరికి అయిపోయింది. రెండు నిమిషాలు పట్టలేదు."

"అరవై అంటే నేనూ ఏదో అనుకున్నా" అని కెనెస్ భార్యతో గుసగుసగా అన్నాడు. ఆయన గుసగుస వీధిలోకి వినబడుతుంది. "పెళ్ళాం పదవి పోయినా సరే దాచుకున్నాడంటే వందకి తక్కువుండవే."

కుల్పాష్ భర్త వైపు చూసింది. ప్రయోగశాలలో పిల్లాడు తప్పు సీసా ఒంపినప్పుడు ఎలా చూస్తుందో అలా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి మాంసం పళ్ళెంలోకి తీసింది. అతిథులకి తిండి పెట్టాలిగా.

అంగీ ఒక్కటే మిగిలిపోయింది. వియ్యపురాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చుంది. కెనెస్‌కే ఉపాయం తోచింది. "తెచ్చింది వెనక్కి తీసుకుపోకూడదు" అంటూ లేచి, కుల్పాష్ కొలతలకి కుట్టించిన ఆ ఎర్ర అంగీని షైమెర్దెన్ భుజాల మీద కప్పాడు. అంగీ చేతులు మోచేతుల దాకే వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. షైమెర్దెన్ గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. ఏం చేయమంటారు మరి, అలవాటు.

పొద్దు వాలకముందే అందరూ వెళ్ళిపోయారు. కుల్పాష్ పళ్ళేలు దొంతర పెడుతోంది. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని మీరు అనే పిలిచింది.

"నువ్వు పంపానన్నావు" అంది.

ఆ 'నువ్వు' వినగానే షైమెర్దెన్‌కి విషయం అర్థమైంది.

"పంపుదామనే అనుకున్నానే. కానీ అందరూ చూస్తారట. కెనెస్ చూస్తే..."

"కెనెస్ చూస్తే?"

"గుర్రాలు లేవని..."

"లేవు. గుర్రాలు లేవు. నీకు తెలుసు, నాకు తెలుసు, ఉంటే ఆ గుర్రాలకీ తెలిసేది. లేని గుర్రాల పరువు కాపాడటానికి ఉన్న పెళ్ళాం పరువు తీశావు కదయ్యా. ఇరవై ఏడేళ్ళు సుద్దముక్క అరిగినట్టు అరిగాను. ఒక్క పది నిమిషాలు అడిగాను నిన్ను."

"అది కాదు కుల్పాష్..."

"తప్పు నాదీ ఉందిలే. ఆ రోజు నవ్వాను."

అంతే, పళ్ళేల దొంతర ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకా తిడితే బాగుండునని ఆయన ఎదురు చూశాడు. మర్నాడు సాయంత్రం నీలం కోటు జత కవర్లో పెట్టి గుమ్మం దగ్గర కనిపించింది. స్టేషనుకి వెళ్ళినప్పుడు కొట్లో తిరిగి ఇచ్చి రమ్మంది. ధర చీటీ ఇంకా దానికే వేలాడుతోంది. దారి పొడుగునా ఆ కవరు పక్క సీటులో కూర్చుంది. షైమెర్దెన్ దాని వైపు చూడలేకపోయాడు. ఆ రోజు నిజంగానే రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు.

ఊరికి మాత్రం ఆయన మీద గౌరవం రెట్టింపైంది. సమయానికి రిటర్ను వేసిన నూట పద్నాలుగు మందినీ ఎవరూ పట్టించుకోలేదు. వేయని ఒక్కడూ కుబేరుడైపోయాడు. అయితే కుబేరుడికి ఖర్చులుంటాయన్న సంగతి షైమెర్దెన్ మర్చిపోయాడు. మొదట ముల్లా వచ్చాడు.

"అరవై గుర్రాలంటే బీదలకివ్వాల్సిన జకాత్ దానం ఎంతవుతుందో పుస్తకం చూస్తున్నా. మీరు వందంటే ఇంకో పుస్తకం చూడాలి."

తర్వాత గుర్రప్పందేల కమిటీ వచ్చింది. మొదటి బహుమతికి ఒక మంచి పిల్ల గుర్రాన్ని ఇవ్వమంది, పేరు మైకులో చెబుతామంది. ఎన్నడూ పలకరించని బంధువులు ఫోన్లు చేసి ఆరోగ్యం అడిగారు, ఆ వెంటనే అప్పు అడిగారు. ఇవ్వలేనంటే "అవునులే, ఉన్నవాళ్ళకి చెయ్యి రాదు" అన్నారు.

చివరికి కెనెస్ దగ్గర్నుంచి ఫోన్. మూడేళ్ళుగా నమ్మీ నమ్మకుండా ఊరుకున్న మనిషికి ఇప్పుడు పూర్తి నమ్మకం కుదిరింది.

"బావగారూ, పిల్లలు రాజధానిలో అద్దె కొంపలో పడి ఉన్నారు. మీ ఫ్లాటు పక్కనే ఉండగా ఆ ఖర్మేంటి? ఆ కొరియావాణ్ణి ఖాళీ చేయించండి. తలుపులూ కిటికీలూ కొత్తవి నేను వేయిస్తా."

"వాడికి అగ్రిమెంటుంది బావగారూ..."

"ఎన్నేళ్ళు?"

"చాలా."

గంటలోపు కొడుకు ఫోన్ చేశాడు. "నాన్నా, మామగారు ఫ్లాటు అడ్రసు అడుగుతున్నారు. కొలతలు తీసుకుంటారట. ఏం చెప్పమంటావు?"

షైమెర్దెన్‌కి ఏం చెప్పాలో తోచలేదు. జీవితంలో అది మొదటిసారి.

అదే వారంలో పన్నుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గడువులోగా దాఖలు చేయనందుకు మొదటి తప్పు కింద హెచ్చరిక అనీ, ఇకనైనా దాఖలు చేయకపోతే జరిమానా తప్పదనీ ఉంది. ఆ కాగితం చూసి షైమెర్దెన్‌కి భయం వేయలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. బీదవాడినని రుజువు చేసుకోవడానికి సర్కారే దారి చూపించింది. టోపీ కూడా పెట్టుకోకుండా ఊళ్ళోని ప్రభుత్వ సేవా కేంద్రానికి పరిగెత్తాడు.

కంప్యూటరు దగ్గర మదీనా అని పాతికేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఒకప్పుడు కుల్పాష్ దగ్గరే చదువుకుంది. వెనక వరసలో పదిమంది నిలబడ్డారు. అరవై గుర్రాల మనిషి రిటర్ను వేయడానికి వచ్చాడని తెలిసి, పని అయిపోయినవాళ్ళు కూడా వెళ్ళకుండా ఆగారు.

"రాసుకో అమ్మా" అన్నాడు షైమెర్దెన్, అందరికీ వినబడేలా. "గుర్రాలు లేవు."

"అదెక్కడ రాయను తాతా?"

"గుర్రాల గడిలో."

"గుర్రాలకి గడి లేదు."

"అదేంటి?"

"పశువుల సంగతి ఇందులో అడగరు. ఇల్లు, కారు సంగతి వాళ్ళకే తెలుసు. విదేశాల్లో ఏమైనా ఉందా?"

"లేదు." కాసేపటికి మెల్లగా అడిగాడు, "మరి ఇదంతా ఫోన్లో ఎవరు పడితే వాళ్ళు చూస్తారటగా?"

మదీనా తల పైకెత్తింది. "ఎవరు చెప్పారు తాతా? పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళవి బయట పెడతారు గానీ, మీది చూడటానికి ఎవరికి ఓపిక? పన్నుల ఆఫీసు వాళ్ళు తప్ప ఎవరూ చూడరు."

షైమెర్దెన్ కుర్చీలో ఇంకాస్త కుంగిపోయాడు. అడగని ప్రశ్నకి, ఎవరూ చూడని జవాబు చెప్పడానికి భయపడి, ఆరు నెలలు దాక్కున్నాడన్నమాట.

"సరే, ఆదాయం?" అంది మదీనా.

"ఏమీ లేదమ్మా. పైసా లేదు."

"లేదా!" వెనక వరసలోంచి ఒక ఆడగొంతు లేచింది. "మొన్న మంగళవారం స్టేషనుకి నా దగ్గర రెండు వేలు తీసుకోలేదూ? సంచికి అయిదొందలు వేరే!"

"నా దగ్గరా తీసుకున్నాడు" అన్నాడు ఇంకొకడు. "చిల్లర కూడా తిరిగి ఇవ్వలేదు."

మదీనా నవ్వాపుకుంటూ కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. "నెలకి ఎన్నిసార్లు వెళ్తారు తాతా?"

అలా షైమెర్దెన్ రిటర్నును ఊరు మొత్తం కలిసి నింపింది. అబద్ధం ఆడే అవకాశం ఆయనకి ఎక్కడా ఇవ్వలేదు. స్టేషను బేరాల మీద కొద్దిగా పన్ను కూడా పడింది. ముద్ర వేసిన నకలు తీసుకుని, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని, తిన్నగా కెనెస్ కొట్టుకి వెళ్ళాడు.

కెనెస్ మేకులు తూస్తున్నాడు. కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు. తర్వాత తక్కెడ పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"భలేవాడివి బావగారూ! సర్కారునే బోల్తా కొట్టించావు! పక్కా ముద్ర కూడా వేయించావే!"

"కాదు బావగారూ, అదే నిజం. నాకు గుర్రాల్లేవు. ఫ్లాటూ లేదు. ఎప్పుడూ లేవు."

"ఇక్కడెవరూ లేరులే, మనమే. నాతో చెప్పు."

"మీకే చెబుతున్నా. ఏటా పంపిన మాంసం కూడా బజారులో కొన్నదే. కుల్పాష్ జీతంతో."

కెనెస్ నవ్వు ఆగింది. షైమెర్దెన్ ముఖంలోకి చాలాసేపు చూశాడు. అన్నేళ్ళ తర్వాత ఒక నిజం చెప్పి, దాని ఫలితం కోసం నిలబడటం షైమెర్దెన్‌కి కొత్త.

"ఓహో" అన్నాడు కెనెస్. "కూతుర్ని అడిగినప్పుడు అరవై గుర్రాలు. కూతురికి ఇల్లు అడిగేసరికి ముద్రతో సహా బీదవాడు. పిల్లల దగ్గర కూడా దాచుకునే మనిషిని నిన్నే చూశానయ్యా. ఆ కొరియావాడి అద్దె నీతోపాటు గోతిలో పెడతారా?"

"దేవుడి మీద ఒట్టు..."

"గుర్రాలున్నాయని చెప్పినప్పుడూ ఇదే ముఖంతో చెప్పావు" అంటూ కెనెస్ కాగితం తిరిగి ఇచ్చేసి మేకులు తూచుకోసాగాడు. ఆ రోజు నుంచి బావగారూ అనడం మానేశాడు.

నవంబరులో హెడ్‌మాస్టరు కుర్చీలో వ్యాయామం మాస్టారు కూర్చున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, భార్య రిటర్నూ తన రిటర్నూ మార్చిలోనే వేసిన బుద్ధిమంతుడు. అతను అంతకు మునుపు టైంటేబుల్ అనేదాన్ని గోడ మీద చూడటమే గానీ వేసి ఎరగడు. కాగితాలు పట్టుకుని కుల్పాష్ దగ్గరికి వచ్చి, "టీచరుగారూ, ఇదొక్కటి మీరే..." అని నసిగాడు. ఆమె చాలా మర్యాదగా కాగితాలు తిరిగి ఇచ్చేసింది. ఆ వారంలోనే పాత పదవికి కూడా రాజీనామా చేసి, ఇక క్లాసు తప్ప ఏమీ చూడనంది. రెండు వారాల పాటు తొమ్మిదో తరగతికి ఒకే గంటలో కెమిస్ట్రీ, కుస్తీ, కజఖ్ భాష మూడూ పడ్డాయి.

చలికాలం వచ్చింది. ఆ ఏడాది గుర్రం మాంసం కొనలేదు. ఎవరికీ పంపలేదు. ఇంట్లో షైమెర్దెన్‌కి టీ అందేది, తిండి అందేది, 'మీరు' అన్న పిలుపు మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు చారులో రొట్టె ముంచుకుంటూ ధైర్యం చేశాడు.

"వ్యాయామం మాస్టారు ఎక్కువ రోజులు ఉండడులే. అప్పుడు నీకే వస్తుంది."

"అతనికి ముప్ఫై నాలుగు. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది" అంది కుల్పాష్. "లెక్క నువ్వే చేసుకో. చేతనైతే."

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున బడికి బయల్దేరుతూ, ఆమె షైమెర్దెన్ మణికట్టు పట్టుకుంది. ఒకటో తరగతి పిల్లాణ్ణి తీసుకెళ్ళినట్టు వీధి పొడుగునా నడిపించుకుంటూ సేవా కేంద్రానికి తీసుకెళ్ళింది. అరుగుల మీద వాళ్ళు చూశారు. చూడనిమ్మంది.

"ఈసారి అందరికన్నా ముందొచ్చారే తాతా!" అంది మదీనా.

షైమెర్దెన్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. స్టేషను బేరాలన్నీ తేదీలతో సహా అందులో రాసి ఉన్నాయి. సంచులకి తీసుకున్న అయిదొందలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటే చదివాడు, మదీనా కొట్టింది. గడి తర్వాత గడి నిండింది. వెనకాల కుల్పాష్ చేతులు కట్టుకుని నిలబడి, మొత్తం అయ్యేదాకా కదల్లేదు. పంపినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు పడ్డాక, వంగి దాన్ని తన కళ్ళతో ఒకసారి చూసుకుంది.

బయటికి వచ్చాక షైమెర్దెన్ మెట్ల మీద ఆగాడు.

"ఇప్పుడైనా కోపం పోయిందా?"

"మూడో పీరియడ్‌కి టైమవుతోంది" అని కుల్పాష్ బడి వైపు నడిచింది.